వెల్లుల్లి వెయ్యని జాప్చే

మా తోడికోడలు ఉల్సున్ జాప్చే, అంటే కూరలు కలిపిన సేమ్యా, చేస్తోందంటే ఇరుగుపొరుగుకి ఎవరూ చెప్పక్కర్లేదు. వెల్లుల్లి వాసనే వెళ్ళి చెప్పేది. వేడి నూనెలో దంచిన వెల్లుల్లి పడగానే, రేవులో వలలు అల్లుకుంటున్న ఆడవాళ్ళు తలలెత్తి, "ఇవాళ చున్‌సాప్ పుట్టినరోజు కాబోలు" అనుకునేవాళ్ళు. అనుకున్న మరుక్షణం ఒకరి మొహం ఒకరు చూసుకుని నోళ్ళు మూసుకునేవాళ్ళు. ఎందుకంటే ఆ పుట్టినరోజు మనిషి ఇంట్లో లేడు. ఒక చలికాలం చేపల వేటకని పడవెక్కి వెళ్ళినవాడు మళ్ళీ తిరిగి రాలేదు.

చున్‌సాప్ మా ఆయనకి అన్న, నాకు బావగారు. మాది కొరియా తూర్పు తీరం. మా రేవుకి ఉత్తరాన, ఎంతో దూరం కాదు, నీళ్ళ మీద కంటికి కనపడని గీత ఒకటుంది. మా దక్షిణ కొరియా అక్కడితో సరి, అవతలంతా ఉత్తర కొరియా. పొగమంచులో దారి తప్పి ఆ గీత దాటిన పడవల్ని అవతలివాళ్ళు లాక్కుపోయేవాళ్ళు. బావగారి పడవ మునిగిందో, దాటిందో ఎవరికీ తెలియదు. ఒక్క చెక్కముక్క కూడా ఒడ్డుకి కొట్టుకు రాలేదు.

ఆ పడవలో పోయినవాళ్ళ పెళ్ళాలు ఒక్కొక్కరే తద్దినాలు మొదలుపెట్టుకున్నారు. ఏ రోజున పోయారో తెలియనివాళ్ళకి పుట్టినరోజునాడే తద్దినం పెట్టడం మా తీరంలో ఆనవాయితీ. పుట్టినరోజుకి జాప్చే చేస్తాం, తద్దినానికీ జాప్చే చేస్తాం. తద్దినం వంటలో మాత్రం వెల్లుల్లి వెయ్యం. ఆ ఘాటుకి పోయినవాళ్ళు లోపలికి రాలేరు, ఆకలితో గడప దగ్గరే ఆగిపోతారు. అంటే ఒకే రోజు, ఒకే వంటకం. మొగుడు బతికున్నాడా పోయాడా అన్నది దాన్లో పడే వెల్లుల్లి చెబుతుంది.

ఉల్సున్ అక్క ఏటేటా పిడికెడు వెల్లుల్లి దంచి పోసేది.

ఆమె కొండల వైపు నుంచి వచ్చిన పిల్ల. పొట్టి మనిషి, గట్టి భుజాలు, గొంతు విప్పితే పడవలదాకా వినపడేది. సముద్రం ముందు బతుకుతూ చేపంటే మొహం చిట్లించే మనిషిని ఆమెనొక్కదాన్నే చూశాను. జాప్చే విషయంలో మాత్రం ఆమె పంతం చూడాలి. పాలకూర ఉడకబెట్టి, పిండి, విడిగా కలిపేది. ఉల్లిపాయలు విడిగా, క్యారెట్లు విడిగా, నానబెట్టిన నల్ల పుట్టగొడుగులు విడిగా, మాంసం ఆఖర్న వేయించేది. ఒకదాని రంగు ఇంకోదానికి అంటకూడదట. చిలగడదుంప పిండి పోగుల్ని అద్దాల్లా మెరిసేదాకా ఉడకబెట్టి, సోయా, చక్కెర, నువ్వుల నూనె పోసి, అన్నిటినీ వేడివేడిగా చేత్తోనే కలిపేది. నేనైతే అన్నీ ఒకేసారి మూకుట్లోకి తోసేసేదాన్ని.

"అది జాప్చే కాదే చెల్లీ, కుడితి. పాపం మా మరిదిగారు," అనేది.

"నాకు నీలా రోజంతా తీరికెక్కడిదక్కా?" అనేదాన్ని.

బావగారు ఉన్న రోజుల్లో ఆ ఇంట్లో నవ్వులు మా ఇంటిదాకా వినపడేవి. ఆయనకి వెల్లుల్లంటే ప్రాణం, పచ్చివి కూడా కరకర నమిలేసేవాడు. "ఈయన దగ్గరికొస్తున్నాడంటే ముందు ముక్కు మూసుకుని తర్వాత కళ్ళు మూసుకోవాలే," అని అక్క అంటే నేను సిగ్గుతో చచ్చేదాన్ని. ఒకసారి పెద్ద గాలం తగిలి ఆయన ఎడమ చెవి తమ్మె తెగిపోయింది. "ఇప్పటిదాకా నా మాట సగమైనా వినేవాడు, ఇక అదీ పోయింది," అని ఊరంతా చెప్పుకు తిరిగింది.

ఆయన పోయాక, అంటే పడవెక్కిపోయాక, నవ్వు పోయింది గానీ పంతం పోలేదు. ఆయన పుట్టినరోజున పొద్దున్నే సముద్రపు నాచు చారు, జాప్చే చేసి, అన్నం గిన్నెకి మూతపెట్టి, పొయ్యి వేడి తగిలే మూల నేల మీద దుప్పటి కింద దాచేది. ఊళ్ళో లేని మనిషికి అలా అన్నం దాస్తే, ఎక్కడున్నా అతని కడుపు ఖాళీగా ఉండదని మా నమ్మకం. నాకు ఆ దుప్పటి కింద ఎత్తుగా కనపడే గిన్నెని చూస్తే ఏడుపొచ్చేది. ఆమె ఏడ్చేది కాదు.

వాళ్ళ అబ్బాయి తేసిక్ పెద్దవాడయ్యాడు. ఇంజన్లంటే వాడికి పిచ్చి. దక్షిణాన ఓడల ఇంజన్ల పని నేర్పే సర్కారు బడి ఉంది. దాన్లో చేరితే మా రేవు పడవల్లో గడ్డకట్టి చావక్కర్లేదు, పెద్ద ఓడల్లో వెచ్చగా బతకొచ్చు. అక్కకి కావలసింది అదొక్కటే, కొడుకు ఈ సముద్రం మీద ఈ పడవలెక్కకూడదు. కానీ ఆ బడిలో చేరాలంటే పరీక్ష ఒక్కటే పాసైతే చాలదు. ఇంటి గుట్టంతా విచారిస్తారు. తండ్రి ఉత్తరాన ఉన్నాడని అనుమానం తగిలితే కొడుక్కి తలుపులన్నీ మూతే.

ఆ విచారణకి వచ్చేవాడు కూ అనే మఫ్టీ పోలీసు. ఏడాది పొడుగునా వస్తూనే ఉండేవాడు. గోధుమరంగు కోటు, మెత్తటి గొంతు. అరుగు మీద కూచుని, చెప్పులు విప్పుకుని, మేనమామలా కబుర్లు చెప్పేవాడు. నాకు వాణ్ణి చూస్తే ఒళ్ళు మండేది.

"తేసిక్ అమ్మగారూ, కుర్రాడు చురుకైనవాడు. వాడు బాగుపడాలనే నాకూ ఉంది. కానీ ఒకటి అడుగుతా, ఏమనుకోకండి. రేవంతా తద్దినాలు పెట్టుకుంటోంది. మీరేమో పుట్టినరోజు చేస్తారు. దుప్పటి కింద అన్నం దాస్తారట! ఎవరొచ్చి తింటారని?"

"మా ఇంటి దుప్పటి కింద ఏముందో కూడా మీకు కావాలా?" అంది అక్క.

"నాకెందుకమ్మా? పైవాళ్ళు అడుగుతారు. మీకేదైనా కబురు అందుతోందేమో అంటారు," అని చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

ఈ మాట మా అత్తగారి చెవిన పడింది. ఆ సాయంత్రం మమ్మల్నందర్నీ కూచోబెట్టింది. ముసలావిడ మాటంటే ఇంట్లో ఎదురు లేదు.

"ఈ ఏడు పుట్టినరోజు లేదు. తద్దినం పెడుతున్నాం. పెద్దదానా, వంట నువ్వే చెయ్యాలి."

"అత్తయ్యా, ఆయన పోయారని ఎవరు చూశారు?"

"ఉన్నాడని ఎవరు చూశారే?"

"కనపడనంతమాత్రాన చంపేస్తామా? నా చేత్తో నేను..."

"నీ చేతేంటే? వాడు నా కడుపున పుట్టాడు. నా నోటితో నేను చచ్చాడంటున్నా. నీకు నాకంటే ఎక్కువ నొప్పా?" అని ముసలావిడ గుండె మీద బాదుకుంది. "కొడుకు ఎలాగూ పోయాడు. మనవణ్ణయినా దక్కనివ్వవే."

అక్క తల వంచుకుంది. అప్పటిదాకా గోడకానుకుని కూచున్న తేసిక్ నెమ్మదిగా అన్నాడు. "వద్దులే నానమ్మా. అమ్మని ఏమీ అనకు. నేను పరీక్ష మానేస్తా. చిన్నాన్న పడవలో పనుంది కదా."

అక్క చివ్వున తలెత్తింది. వాడి మొహంలోకి చూసింది. "పడవ పేరెత్తావంటే కాళ్ళు విరగ్గొడతా," అంది. తర్వాత అత్తగారి వైపు తిరిగి, "చేస్తాను," అంది. అంతే.

తద్దినం రోజు మధ్యాహ్నం నుంచీ వంటింట్లో ఇద్దరమే ఉన్నాం. నేను చేపముక్కలకి గుడ్డుసొన పూసి కాలుస్తున్నా. ఆమె ఒక్కొక్క కూర ఎప్పట్లాగే విడివిడిగా వేయించి, పళ్ళెంలో కుప్పలు పెట్టుకుంది. పచ్చ, తెలుపు, ఎరుపు, నలుపు. మూకుడు తుడిచి నూనె పోసింది. పొయ్యి పక్కనున్న వెల్లుల్లి రోలు మీదికి చెయ్యి దానంతటదే వెళ్ళింది. వెళ్ళి, అక్కడే ఆగిపోయింది. నూనె పొగలొస్తోంది.

"అక్కా, మాడుతోంది," అన్నాను.

"ఒక్కమాట చెప్పవే," అంది నా వైపు చూడకుండానే. "ఇందులో వెల్లుల్లి వేశాననుకో. ఒకవేళ నిజంగా పోయి ఉంటే, ఇన్నేళ్ళకి మొదటిసారి పిలిచారని ఆకలితో వచ్చి, గడప దగ్గర నిలబడిపోతారు. వెయ్యలేదనుకో, నువ్వు చచ్చావని మొహమ్మీదే చెప్పినట్టే. ఏదైనా నా చేత్తోనే కదే జరిగేది."

నేను పొయ్యి మీంచి మూకుడు దించాను. ఆమె రోలు ఎత్తి నా చేతుల్లో పెట్టింది. "దీన్ని మీ ఇంటికి తీసుకుపో. నా కళ్ళెదురుగా ఉంచకు," అంది. నేను తీసుకెళ్ళి మా వాకిట్లో పెట్టి వచ్చేసరికి, ఉడుకుతున్న నీళ్ళలోంచి తీసిన పోగుల్ని వార్చీ వార్చగానే బేసిన్లో వేసుకుని రెండు చేతులతో కలుపుతోంది. చేతులు మణికట్టు దాకా ఎర్రగా కమిలిపోయాయి.

"కాస్త చల్లారనివ్వక్కా."

"చల్లారితే సోయా పట్టదు."

తద్దినం వంటని పోయినవాళ్ళ కన్నా ముందు మనం రుచి చూడకూడదు. అందుకని ఉప్పు సరిపోయిందో లేదో కూడా చూడలేదు. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో వెల్లుల్లి వాసన లేకుండా తయారైన మొదటి జాప్చే అది. వాసనే లేనట్టుంది.

నలుగురికీ కనపడాలని సంజె వెలుగుండగానే, తలుపులు బార్లా తీసి తద్దినం పెట్టాం. తేసిక్ మద్యం పోసి, అన్నంలో చెంచా నిలబెట్టి, నేలకి తల ఆనించి మొక్కాడు. మొక్కాడు గానీ వాడి కళ్ళు పొడిగానే ఉన్నాయి. అత్తగారు ఊరు వినాలని గొంతెత్తి, "నా కొడకా, నా కొడకా" అని ఏడుపు మొదలుపెట్టింది. మొదట్లో అది ఊరికోసమే. కాసేపటికి ఆవిడకి ఆపుకోవడం చేతకాలేదు, మా ఆయన మోసుకెళ్ళి పడుకోబెట్టాల్సి వచ్చింది. అక్క గోడవారగా నిలబడి గుమ్మం వంకే చూస్తోంది. ఒక్క చుక్క రాలితే ఒట్టు.

కూ వచ్చాడు. తద్దినం భోజనానికి వచ్చినవాణ్ణి పొమ్మనలేం. జాప్చే రెండోసారి వడ్డించుకు తిన్నాడు. "అమృతమమ్మా. వెల్లుల్లి లేకపోయినా అమృతమే," అని అక్క వైపు చూసి తలూపాడు. అప్పుడు వాడి గొంతుకి ఆ ముద్ద అడ్డం పడితే బావుండునని మనస్ఫూర్తిగా కోరుకున్నాను.

తేసిక్ పరీక్ష బాగా రాశాడు. వాడికన్నా వెనకబడినవాళ్ళ పేర్లు కూడా ఆ బడి గోడ మీద అతికించారు. వాడి పేరు లేదు. అంత దూరం బస్సులో వెళ్ళి, చూసుకుని, తిరిగొచ్చి, "వచ్చే ఏడు మళ్ళీ రాస్తాలే," అన్నాడు. ఈలోగా ఊరికే కూచోలేక మా పడవెక్కాడు. ఈసారి అక్క కాళ్ళు విరగ్గొడతానని అనలేదు.

మంచు కరిగాక ఒకరోజు మేమిద్దరం ఒడ్డున చేపలు ఎండేస్తున్నాం. కూ వచ్చాడు. వేరే ఊరికి బదిలీ అయిందట, చెప్పిపోదామని వచ్చాడట. నేను వరసలుగా కట్టిన చేపల వెనకాల ఉన్నాను, ఉన్నానని వాడు చూసుకోలేదు.

"తేసిక్ అమ్మగారూ, కుర్రాణ్ణి మళ్ళీ పరీక్షకి పంపకండి. ఎన్నిసార్లు రాసినా అంతే."

"ఎందుకని? తద్దినం పెట్టాం కదా. మీరు తిన్నారు కదా."

వాడు గొంతు తగ్గించాడు. "వేరే రేవు పడవొకటి అవతల చిక్కుకుని తిరిగొచ్చింది. దాన్లో ఒకడు చెప్పాడు. అక్కడ చేపలు డబ్బాలకెత్తే చోట ఒకాయన పనిచేస్తున్నాడట. ఎడమ చెవికి తమ్మె లేదట. నేను చెప్పలేదు, మీరు వినలేదు."

అక్క ఇసకలో కూలబడింది. "ఒంట్లో బావుందటా?" అంది. "తింటున్నారటా సరిగ్గా?"

"అదంతా నాకు తెలియదమ్మా."

"ఎప్పుడు తెలిసింది మీకు?"

వాడూ ఆమె పక్కన ఇసకలో కూచున్నాడు. "మీ తద్దినానికి ముందే. మీకు కబురేమైనా అందిందా లేదా అన్నదే మాకు తేలలేదు. ఆ రోజు జాప్చేలో వెల్లుల్లి లేదు చూడండి, అప్పుడు తేలింది, పాపం వీళ్ళకేమీ తెలియదని. అదే రాసి పంపాను. లేకపోతే మిమ్మల్నందర్నీ తీసుకుపోయి కూచోబెట్టేవాళ్ళు. నేను మీకు మేలే చేశాను." లేచి కోటు దులుపుకున్నాడు. "ఇకముందూ పెడుతూనే ఉండండి. ఆపారంటే కబురు అందిందనుకుంటారు. నా తర్వాత వచ్చేవాడు నాలాంటివాడు కాదు."

వాడు వెళ్ళాక నేను చేపల వెనక నుంచి పరిగెత్తుకొచ్చాను. అక్క ఇసకని గుప్పిళ్ళతో పట్టుకుని వదులుతోంది. "ఉన్నారే," అంది. "ఉన్నారే చెల్లీ. ఉన్న మనిషి కోసం తలుపులు తీసి పెట్టి, వస్తారేమోనని గుమ్మంకేసి చూశానే." అప్పుడు ఏడ్చింది. ఆయన ఉన్నాడో పోయాడో తెలియనన్నాళ్ళూ ఏడవని మనిషి, ఉన్నాడని తెలిశాక ఏడ్చింది. చేపల వాసన, సముద్రపు హోరు, ఎవరైనా చూస్తారన్న భయం. నేను నా పైకండువా ఆమె నోటికి అడ్డం పెట్టాల్సి వచ్చింది.

ఏడుపు ఆగాక మొదటి మాట, "తేసిక్‌కి చెప్పకు," అంది. "తెలిస్తే వాడు దాచాలి. దాస్తే నేరం. దాచకపోతే తండ్రిని పట్టిచ్చినట్టు. తెలియకపోతే ఏ గొడవా లేదు. అత్తయ్యకీ వద్దు."

అత్తగారి నోట్లో నువ్వుగింజ నానదు. కొడుకు బతికున్నాడని తెలిస్తే రేవంతా గంతులేస్తుంది. నా మొగుడికి కూడా నేను చెప్పలేదు.

ఆ వేసవిలోనే అత్తగారు మంచం పట్టింది. ఆఖరి రోజున గదినిండా జనం. ముసలావిడ మొహం తేటగా ఉంది. కొడుకు దగ్గరికి పోతున్నానని సంతోషం. "పెద్దదానా, వాడికేం చెప్పమంటావే?" అని అడిగింది. అక్క ఆవిడ చెవి దగ్గరికి వంగింది. చెప్పేస్తుందనుకున్నాను. గదిలో అందరూ చూస్తున్నారు. "వెల్లుల్లి వెయ్యలేదని కోపం తెచ్చుకోవద్దని చెప్పండత్తయ్యా," అంది. "పిచ్చిదానా," అని నవ్వింది ముసలావిడ. తను పోయే చోట కొడుకు లేడని తెలియకుండానే పోయింది. అది మంచికే అని నలుగురూ అంటారేమో, నేను అనను. కన్నతల్లి కదా.

మళ్ళీ ఆకులు రాలే కాలం వచ్చింది, ఆ రోజూ వచ్చింది.

"ఈసారి నేను చేస్తానక్కా, నువ్వు పడుకో," అన్నాను.

"నీ కుడితి తద్దినానికి పనికిరాదే," అంది. నవ్వించడానికే అంది గానీ ఇద్దరికీ నవ్వు రాలేదు. పాలకూర పిండింది, క్యారెట్లు తరిగింది. ఈసారి వెల్లుల్లి కోసం చెయ్యి పొయ్యి పక్కకి వెళ్ళలేదు. నాకు దానికే ఎక్కువ భయం వేసింది.

తలుపులు తీశాం. సంజె వెలుగులో కొత్త మఫ్టీవాడు వీధి మొగలో నిలబడి చూస్తున్నాడు. తేసిక్ మద్యం పోసి, వంగి మొక్కాడు. రెండోసారి వంగినవాడు లేవలేదు. పడవ పనితో కాయలు కాచిన వాడి చేతులు నేలకి అతుక్కుపోయాయి. భుజాలు కదులుతున్నాయి. వాడు వెక్కి వెక్కి ఏడుస్తుంటే, అక్క ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయింది.

అందరం భోజనాలకి కూచున్నాక, వాడు కళ్ళు తుడుచుకుని వాళ్ళమ్మ పక్కకి జరిగాడు.

"అమ్మా, నీకో మాట చెప్పాలి. పోయినేడు నాకు నమ్మకం కలగలేదు. నాన్న ఎక్కడో ఉన్నారనే అనిపించేది. పడవ మీద కూడా పని మానేసి ఉత్తరంవైపే చూసేవాణ్ణి, చిన్నాన్న తిట్టేవాడు. ఇవాళ మొక్కుతుంటే గుమ్మంలోంచి ఎవరో వచ్చి నా ముందు కూచున్నట్టయింది. నిజం అమ్మా. నాన్న వచ్చారు. తిన్నారు. ఇంక నేను అటు చూడను."

ఉల్సున్ అక్క వాడి తల మీద చెయ్యి వేసింది. వేడి పోగులు కలిపిన ఆ చెయ్యి ఇంకా కమిలే ఉంది.

"అవున్రా. వచ్చారు," అంది. "నేనూ చూశాను. కడుపునిండా తిని వెళ్ళారు."

అని, మిగిలిన జాప్చే అంతా వాడి పళ్ళెంలో పెట్టింది.